విల్లా బాగుంది, మెట్లెన్ని?

గ్రీసు దీవుల గురించి ఈ నెల ఐదు ఉత్తరాలొచ్చాయి. నేను అక్కడికి రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ మా అత్తగారితో. మొదటిసారి చేసిన తప్పు రెండోసారి దిద్దుకున్నాను కాబట్టి జవాబు చెప్పే అర్హత ఉందనే అనుకుంటున్నాను. మొదటి ఉత్తరానికే చోటంతా అయిపోయేలా ఉంది. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేం ఐదుగురం. నేను, మావారు, పదకొండేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల బాబు, మా అత్తయ్య. ఆవిడకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. మే నెలలో ఎనిమిది రోజులు గ్రీసు వెళ్లాలని చాన్నాళ్లుగా డబ్బు దాచుకుంటున్నాం. సాంటొరినిలో కొండ అంచున సొంత పూల్ ఉన్న విల్లా చూశాను. ఆ ఫొటో చూసినప్పటి నుంచీ పిల్లలది ఒకటే గోల. అక్కడ మూడు రోజులు, మైకొనోస్‌లో రెండు, క్రీట్‌లో మూడు అనుకుంటున్నాం. సరిపోతుందా? – పేరు వద్దన్న ఓ కోడలు

జవాబు: సరిపోదమ్మా. రోజులు చాలక కాదు, దీవులు ఎక్కువై.

ముందు ఆ ఫొటో సంగతి చెప్తాను. తెల్లగోడ, నీలం నీళ్లు, పూల్ అంచు వెళ్లి సముద్రంలో కలిసిపోయినట్టు ఉంటుంది. నేనూ అలాంటిదే చూసి డబ్బు కట్టాను. ఫొటో తీసినాయన అక్కడిదాకా ఎలా చేరాడో మాత్రం అందులో కనపడదు. మా విల్లాకు కారు ఆగిన చోటు నుంచి ఎనభై ఆరు మెట్లు. అన్నీ కిందికే, ఒక్కోటి ఒక్కో ఎత్తు, పక్కన పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ లేదు. హోటల్ కుర్రాడు మా రెండు పెట్టెలూ భుజాల మీద వేసుకుని చకచకా దిగిపోయాడు. మా అత్తగారికి అరగంట పట్టింది. దిగాక ఆవిడ అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ సామెత: “ఇవే మెట్లు తిరుమలలో ఎక్కుంటే పుణ్యమైనా దక్కేది.” ఆ తర్వాత రెండు రోజులు ఆవిడ పైకి రానేలేదు. ఆవిడ రాలేదని మావారూ కదల్లేదు. ఇక నేనొక్కదాన్నే పోయి ఏం చూస్తాను?

తప్పు ఆ హోటల్‌ది కాదు, ఆ నేల తీరే అంత. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో అక్కడ అగ్నిపర్వతం పేలి దీవి నడిమి భాగం కుంగిపోయింది. అక్కడికి సముద్రం వచ్చి చేరింది. మిగిలిన అంచు నీటి నుంచి దాదాపు 300 మీటర్ల ఎత్తున నిట్టనిలువుగా నిలబడింది. ఆ అంచు మీదే, మెత్తటి అగ్నిపర్వత మట్టిని తొలిచి గుహల్లాంటి ఇళ్లు కట్టుకున్నారు. ఓడల యజమానులకు పైన పెద్ద మేడలుండేవి, కింద ఈ గుహల్లో ఓడల్లో పనిచేసేవాళ్లు ఉండేవారు. ఇప్పుడు ఆ గుహలకే రాత్రికి వందల యూరోలు. వాటి మధ్య కారు వెళ్లే దారి ఉండదు, ఉండేందుకు వీలూ లేదు. ఫిరా ఊరి నుంచి పాత రేవుకు 588 మెట్లు. అక్కడికి కేబుల్ కార్ ఉంది గానీ, మీ విల్లా గుమ్మానికి ఉండదు కదా.

ఇంకో మాట. ఆ అంచున ఉన్న హోటళ్లలో చాలావాటికి చిన్నపిల్లలను రానివ్వని నియమం ఉంది. కొన్నిచోట్ల పన్నెండేళ్లు, కొన్నిచోట్ల పదమూడేళ్లు నిండాలంటారు. మీవాడికి నాలుగు. డబ్బు కట్టేముందు అది అడిగారా? పైగా అటువైపు పిల్లలు ఇసుకలో ఆడుకునే బీచ్ లేదు. నల్ల ఇసుక బీచ్‌లు కామారి, పెరిస్సా దీవికి అవతలి వైపున ఉన్నాయి.

ఇక మూడు దీవుల సంగతి. హోటల్లో పదకొండింటికి ఖాళీ చేయమంటారు, తర్వాతి హోటల్లో మూడింటికి గానీ గది ఇవ్వరు. మధ్యలో రేవులో ఎండలో పెట్టెల పక్కన కూర్చోవాలి. ఓడ వచ్చి వెనక తలుపు దించుతుంది, ఎక్కువసేపు ఆగదు. కార్లు, లారీలు, మనుషులు అంతా ఆ ఒక్క తలుపులోంచే. నాలుగేళ్లవాణ్ణి ఒక చేత్తో, అత్తయ్యను ఇంకో చేత్తో పట్టుకుంటే పెట్టె ఎవరు లాగుతారు? ఎనిమిది రోజుల్లో రెండు రోజులు ఇలాగే పోతాయి. మీరు మేలో వెళ్తున్నారు కాబట్టి ‘మెల్తెమి’ అనే ఉత్తరపు గాలి బాధ పెద్దగా ఉండదు. అది జూలై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రాన్ని కుదిపేస్తుంది. గాలి మరీ ముదిరితే ఓడలనే కదలనివ్వరు.

నా మాట వింటే ఒకే దీవి, ఒకే విల్లా, ఏడు రాత్రులు. ఆ దీవి క్రీట్. అందులోనూ తూర్పు వైపు, మిరాబెల్లో అఖాతం మీద ఎలూందా నుంచి ప్లాకా దాకా ఉన్న తీరం. ఏథెన్స్ నుంచి క్రీట్‌లోని హెరాక్లియన్‌కు విమానంలో గంటలోపే. అక్కడి నుంచి ఎలూందాకు 70 కిలోమీటర్లు, కారులో ఓ గంట పైచిలుకు. ఆ అఖాతం మూలకు ఒదిగి ఉంటుంది కాబట్టి అలలు తక్కువ, నీళ్లు చెరువులా ఉంటాయి. సాంటొరిని మీద మనసు చావకపోతే హెరాక్లియన్ నుంచి సీజన్లో రెండు గంటల్లో తీసుకెళ్లే వేగం ఓడలున్నాయి. మీరూ మీ అమ్మాయీ పొద్దున్నే వెళ్లి రాత్రికి వచ్చేయండి. ఫొటోలు అక్కడ, నిద్ర ఇక్కడ.

ఎలూందాలో కూడా కొన్ని రిసార్టులు కొండవాలు మీదే ఉంటాయి. అందుకే రెండోసారి అక్కడ విల్లా ఖాయం చేసుకునే ముందు నేను రిసార్టుకు మెయిల్ రాసి మొండిగా అడిగాను. బగ్గీ (రిసార్టు లోపల మనుషుల్ని తిప్పే చిన్న బండి) మా గుమ్మం దాకా వస్తుందా, మలుపు దగ్గరే ఆగుతుందా? కింద పడకగది, బాత్రూమ్ ఒకే ఎత్తులో ఉన్నాయా? షవర్‌లోకి ఎక్కడానికి గట్టు ఉందా? బ్రేక్‌ఫాస్ట్ హాలుకు మెట్లెన్ని? చివరికి “ఫొటో కాదండీ, మెట్ల ఫొటో పంపండి” అంటే నవ్వుకుని పంపించారు. తొమ్మిది మెట్లు. అత్తగారికి చూపించి ఆవిడ సరేనన్నాకే డబ్బు కట్టాం. మాటల దగ్గర కూడా జాగ్రత్త. ‘విల్లా’ అని రాసినా పక్కింటితో గోడ పంచుకునే మేడ కావచ్చు. ‘పూల్’ అని రాస్తే అది మీ ఒక్కరిదో, నాలుగిళ్లదో అడగాలి. ‘సీ వ్యూ’ అంటే సముద్రం కనపడుతుందని అర్థం, దగ్గరుందని కాదు.

పూల్ గురించి రెండు విషయాలు. మేలో అక్కడ సముద్రం 19, 20 డిగ్రీలుంటుంది. వేడి చేయని పూల్ కూడా ఇంచుమించు అంతే. మీవాడు కాలు పెట్టి కేక వేస్తాడు. వేడి చేసే ఏర్పాటు ఉందా, రోజుకెంత, ఎన్నాళ్ల ముందు చెప్పాలి అని అడగండి. నీళ్లు వేడెక్కడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది. మీరు దిగాక చెప్తే సగం సెలవు అయిపోయాక వేడెక్కుతాయి.

రెండోది అసలు భయం. వేసవిలో గ్రీసు గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇంటి దగ్గర ఏడింటికి లేచే పిల్లాడు అక్కడ నాలుగున్నరకే కళ్లు తెరుస్తాడు. పెద్దవాళ్లంతా ప్రయాణపు అలసటతో గాఢనిద్రలో ఉంటారు. గదికి అద్దాల తలుపు, తలుపు దాటితే నాలుగడుగుల్లో పూల్, చుట్టూ కంచె ఉండదు. ఫొటో అందానికి కంచె అడ్డం కదా! మా చిన్నవాడికి అప్పుడు అయిదేళ్లు. మొదటి రాత్రి తెల్లవారుజామున వాడు తలుపు దగ్గర నిలబడి గొళ్లెం లాగుతుంటే అత్తగారే చూశారు. ఆవిడకు నిద్ర తక్కువ, అదే మా అదృష్టం. మర్నాటి నుంచి తలుపు హ్యాండిల్‌కు రెండు స్టీలు గ్లాసులు ఆనించి పెట్టాం, కదిలితే ఇల్లంతా లేచేలా. మీరు ముందే రాయండి: పైన గొళ్లెం ఉన్న తలుపు కావాలి, తీసి పెట్టగలిగే కంచె ఉంటే వేయించండి అని. కొన్ని రిసార్టులు వేస్తాయి.

వీసా లెక్క కూడా చెప్పేస్తాను. గ్రీసుకు కావలసిన షెంగెన్ వీసాకు పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకు 45, ఆరేళ్లలోపు ఏమీ లేదు. అంటే మీకు ముగ్గురు పెద్దలు, అమ్మాయి కలిపి 315 యూరోలు, దరఖాస్తులు తీసుకునే సెంటర్ వాళ్ల చార్జీ వేరే. పన్నెండేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలుండవు. ఒక్కొక్కరికీ కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. సెలవుల ముందు అందరూ ఎగబడతారు కాబట్టి ఆలస్యం చేయకండి.

కారు అద్దెకు తీసుకుంటే మీవారికి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి. బండి కుడివైపు నడపాలి. క్రీట్ ఉత్తర తీరపు పెద్దరోడ్డు మీద ఓ వింత ఉంది. నెమ్మదిగా వెళ్లే బండి రోడ్డు పక్కనున్న అంచు మీదికి జరిగి వెనకవాడికి దారివ్వాలి. చట్టంలో ఉన్నది కాదు, అక్కడి అలవాటు. మావారు జరగకపోతే వెనక లారీ మాకు అనుగ్రహించిన హారన్ ఇంకా చెవుల్లో ఉంది. గేర్లు లేని కార్లు తక్కువ, ముందే చెప్పి పెట్టుకోండి. పిల్లాడి సీటు కూడా.

అత్తయ్య ఏం చూస్తారంటారా? పురాతన క్నోసోస్ రాజభవనపు శిథిలాలకు పొద్దున తలుపు తీసే వేళకే వెళ్లండి, ఎండెక్కితే అక్కడ నీడ కరువు. మా అత్తగారికి మాత్రం స్పినలోంగ అనే చిన్న దీవి నచ్చింది. ప్లాకా నుంచి పడవలో పది నిమిషాలు. 1579లో వెనిస్ వాళ్లు కట్టడం మొదలుపెట్టిన కోట అక్కడ ఉంది. 1903 నుంచి 1957 దాకా కుష్ఠు రోగులను అక్కడికి పంపి ఉంచేశారు. వాళ్లే అక్కడ కొట్లు పెట్టుకున్నారు, కాఫీ అంగడి నడుపుకున్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. అందరూ వెళ్లిపోయాక కూడా ఒక పూజారి 1962 దాకా ఉన్నాడు. చనిపోయినవాళ్లకు నలభయ్యో రోజు, ఆరు నెలలు, ఏడాది, మూడేళ్లు, అయిదేళ్లు అని జరపాల్సిన తంతులు మిగిలిపోయాయట. అత్తగారు ఆ ఇళ్ల వరుస దాకా వచ్చి ఒక పాడుబడ్డ ఇంటి గుమ్మం మీద కూర్చున్నారు. “అయిదేళ్లూ వాళ్ల తద్దినాలు పెట్టి గానీ కదల్లేదన్నమాట” అన్నారు. ఆ పూట మోకాళ్ల మాటే ఎత్తలేదు.

ప్రశ్న: మా అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. వారం రోజులు గ్రీసు దీవిలో రొట్టె, టమాటాలతో గడపాలా? సామాను ఏమేం పట్టుకెళ్లనిస్తారు?

జవాబు: మీరు భయపడేంత లేదు. గ్రీకు క్రైస్తవులకు ఏడాదిలో బోలెడన్ని ఉపవాస దినాలు. అప్పుడు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అందుకని వాళ్లకు ఆ వంటలన్నీ వచ్చు. చిన్న ఊరి హోటల్లో ‘నిస్తీసిమో’ అని అడిగితే వెంటనే అర్థమవుతుంది. కానీ ఇక్కడ ఒక తిరకాసుంది. వాళ్ల ఉపవాసంలో రొయ్యలు, ఆక్టోపస్, స్క్విడ్ తినొచ్చు. రక్తం లేని ప్రాణులని వాటికి మినహాయింపు. మేం నిస్తీసిమో అంటే ఆనందంగా ఆక్టోపస్ ముక్కలు తెచ్చి అత్తగారి ముందు పెట్టారు. కాబట్టి ఆ మాటతో ఆపకండి, సముద్రంలోవీ వద్దని చెప్పండి.

అడగాల్సినవి: ‘గీగంతెస్’ అంటే టమాటాలో మగ్గించిన పెద్ద తెల్ల చిక్కుడు గింజలు. ‘హోర్తా’ అంటే ఉడికించి నూనె, నిమ్మరసం పోసిన ఆకుకూర. ‘గెమిస్తా’ అంటే అన్నం కూరిన టమాటాలు, క్యాప్సికంలు. వాటిలో మాంసం కూరేవీ ఉంటాయి, మాంసం లేనివాటిని ‘ఒర్ఫనా’ అంటారు. అనాథలని అర్థం! అన్నం ఉన్న ఏ వంటకైనా కోడి రసం పోశారేమో అడగడం మంచిది. క్రీట్‌లో ‘దాకోస్’ దొరుకుతుంది, గట్టి బార్లీ రొట్టె మీద టమాటా తురుము, జున్ను. గుడ్డు వద్దంటే ‘అవ్గోలెమోనో’ అని రాసి ఉన్నవి ముట్టకండి, అది గుడ్డూ నిమ్మరసం కలిపి గిలక్కొట్టిన పులుసు.

అన్నింటికీ మించి ‘ఫావా’. ఆ పేరు చూసి ఏదో అనుకున్నాను. తెచ్చాక చూస్తే పసుప్పచ్చటి పప్పు, మెత్తగా మెదిపి, పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ ముక్కలు. ఉప్పు తక్కువైన ముద్దపప్పు. సాంటొరిని ఫావాకు యూరప్‌లో ప్రత్యేక గుర్తింపు కూడా ఉంది. అత్తగారు సంచిలోంచి ఆవకాయ సీసా తీశారు. పక్క బల్ల వాళ్లు కూడా రుచి చూశారు, ఒకాయనకు కళ్లనీళ్లొచ్చాయి.

సామాను విషయంలో గట్టిగా గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఐరోపా సమాఖ్య బయటి నుంచి మాంసం, పాలతో చేసినవి ప్రయాణికులు తీసుకురాకూడదు. అందులోకి నెయ్యీ వస్తుంది, పాలకోవా కూడా వస్తుంది. పచ్చి కరివేపాకు, పచ్చిమిర్చి, మామిడిపళ్లు కూడా వద్దు. పొడులు, ఊరగాయలు బాగా మూసి పెట్టెలో వేసుకోండి. విల్లాలో వంటగది ఉంటే అది ఇండక్షన్ పొయ్యేమో కనుక్కోండి. మేం మోసుకెళ్లిన అల్యూమినియం గిన్నె దాని మీద వేడెక్కనే లేదు. మన మూడు పిన్నుల ప్లగ్ కూడా అక్కడి గోడకు పట్టదు.

ప్రశ్న: విల్లాకు మొత్తం డబ్బు ముందే కట్టాం. తీరా దిగాక రాత్రికి 15 యూరోల చొప్పున ఇంకా కట్టమన్నారు. మోసపోయామా?

జవాబు: లేదు. అది ప్రభుత్వానికి వెళ్లే వాతావరణ రుసుం, 2024 నుంచి ఉంది, 2025లో పెరిగింది. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఫైవ్ స్టార్ హోటల్లో గదికి రాత్రికి 15 యూరోలు. 80 చదరపు మీటర్లు దాటిన విడి ఇల్లు అద్దెకు తీసుకున్నా అంతే. మనిషి లెక్కన కాదు. ఏడు రాత్రులకు 105. బుకింగ్ ధరలో సాధారణంగా కలపరు, అందుకే అక్కడ గుండె గుభేలుమంటుంది. రసీదు అడిగి తీసుకోండి.

ప్రశ్న: ‘ప్రైవేట్ బీచ్’ ఉందని ఎక్కువ డబ్బు పెట్టి రిసార్ట్ తీసుకున్నాం. ఊళ్లోవాళ్లు వచ్చి తువ్వాళ్లు పరుచుకుని కూర్చున్నారు. మేనేజర్ ఏమీ అనలేదు. ఫిర్యాదు చేయొచ్చా?

జవాబు: చేస్తే వాళ్లే మీ మీద చేస్తారు! గ్రీసులో సముద్రతీరం ఎవరి సొంతమూ కాదు, అందరిదీ. రిసార్ట్‌కు అక్కడ కుర్చీలు, గొడుగులు వేసుకునే అనుమతి మాత్రమే ఉంటుంది. 2023 వేసవిలో పారోస్ దీవి జనం, తీరమంతా హోటళ్ల కుర్చీలే ఆక్రమించాయని, తువ్వాళ్లు పట్టుకుని నిరసనకు దిగారు. అది మిగతా దీవులకూ పాకింది. మరుసటి ఏడాది 2024లో వచ్చిన చట్టం ప్రకారం తీరంలో కనీసం సగం ఖాళీగా వదలాలి. రక్షిత ప్రాంతాల్లో అయితే 70 శాతం. ఉల్లంఘిస్తే ఫోన్‌లోనే ఫిర్యాదు చేసేందుకు మైకోస్ట్ అనే యాప్ కూడా ఉంది. మీ మేనేజర్ ఊరుకున్నది అందుకే. పోనీలెండి, తువ్వాళ్లు పరుచుకున్నవాళ్లను పలకరిస్తే సముద్రంలో ఎక్కడ ఉర్చిన్లు (కాలికి గుచ్చుకునే ముళ్ల బంతుల్లాంటి ప్రాణులు) ఉన్నాయో చెప్తారు. మాకలాగే తెలిసింది.

ప్రశ్న: అడగడానికి సిగ్గుగా ఉంది. అంత ఖరీదైన విల్లాలో కూడా టాయ్‌లెట్ కాగితం కమోడ్‌లో వేయొద్దు, పక్కన బుట్టలో వేయమని బోర్డు ఉంది. నిజంగానా?

జవాబు: నిజంగానే. అక్కడ మురుగు గొట్టాలు సన్నవి, కాగితం పడితే మూసుకుపోతాయి. రోజూ వచ్చి బుట్ట మారుస్తారు, సిగ్గుపడాల్సింది లేదు. మనలాంటివాళ్లకు అసలు చిక్కు కాగితంతో కాదు, నీళ్లతో. కమోడ్ పక్కన పైపు ఉండటం అరుదు. చిన్న మగ్గు పెట్టెలో వేసుకోండి. మేం ఎర్రది ఒకటి పట్టుకెళ్లి ఎలూందాలో మరచిపోయి వచ్చాం. నెల తర్వాత రిసార్ట్ వాళ్లు ఫొటో తీసి పంపారు, ‘ఈ పూలకుండీ మీదేనా?’ అని.